నిరీక్షణ అంటే ఎదురుచూపే

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం పోయిన బాధ కన్నా, "ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంది పెద్దమ్మా" అన్న మాటే నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆ గోడ నాకూ తెలుసు. దాని ముందు ఏడాదికి పైగా కూర్చున్నదాన్ని.

ముందు ఒక మాట. విశ్వాసం ఉన్నవాళ్లకి టెన్షన్ ఉండదని ఎవరైనా అంటే తలూపి వచ్చెయ్, మనసులో పెట్టుకోకు. బైబిల్లో కీర్తనలు 150 ఉంటే అందులో ఎన్ని ఏడుపులో, ఎన్ని నిలదీతలో! 13వ కీర్తన "ఇంకెన్నాళ్లు నన్ను మరిచిపోతావు" అని దేవుణ్ణే అడుగుతూ మొదలవుతుంది. 88వ కీర్తనైతే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో ఒక్క స్తుతి మాట కూడా లేదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. కాబట్టి నాకు రాసిన ఆ మాటల్నే మోకాళ్ల మీద ఆయనకి చెప్పు. మంచి మాటలు వెతుక్కోకు.

మన బైబిల్లో ఆశకి వాడిన మాట నిరీక్షణ. మామూలుగా మనం ఎదురుచూపుకి వాడే మాటే. చిన్నప్పుడు పట్టించుకోలేదు గానీ, ఇప్పుడు ఆ మాట చాలా నచ్చుతుంది. లోపల ఉత్సాహం లేకపోయినా ఎదురుచూడొచ్చు కదా! యేసుని సిలువ వేశాక ఎమ్మాయు అనే ఊరికి నడిచిపోతున్న ఇద్దరు శిష్యులు "మమ్మల్ని విడిపించేవాడు ఆయనే అని నిరీక్షించాం" అంటారు, అయిపోయిన సంగతి చెప్పినట్టు. ఆ మాట వాళ్లు చెబుతున్నది తిరిగి లేచి పక్కనే నడుస్తున్న యేసుతోనే. మొహం చూసి గుర్తుపట్టలేదు, రొట్టె విరిచి ఇచ్చినప్పుడు గుర్తుపట్టారు.

సరిగ్గా తిను, పడుకో. నవ్వకు. ఏలీయా ప్రవక్త "నా ప్రాణం తీసెయ్" అని దేవుణ్ణి అడిగి చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే, రెండోసారీ లేపి తినమన్నాడు. అసలు ప్రశ్న "ఏలీయా, ఇక్కడ ఏం చేస్తున్నావు?" అన్నది చాలా రోజుల తర్వాత వచ్చింది.

ఇక మనుషుల సంగతి. మీ పెదనాన్న ఐసీయూలో ఉన్న రోజుల్లో మన సంఘంలోని ఒకావిడ వచ్చి, "ఏదో ఒప్పుకోని పాపం ఉండుంటుంది, ఆలోచించుకోండి" అంది. నిజం చెబుతున్నాను, ఆవిడని క్షమించడానికి నాకు రెండేళ్లు పట్టింది. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారే, అదే వాళ్లు చేసిన మంచి పని. నోరు తెరిచాకే చెడింది.

ఆ రాత్రే ఇంకొకటి జరిగింది. వరండా కుర్చీలో నాకు తెలియకుండానే కునుకు పట్టింది. ఎవరో భుజం తట్టారు. పక్క పేషెంటు తాలూకు మనిషి, అంతకుముందు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. "నర్సు పిలుస్తోందండీ. మీ ఫోన్ ఆగిపోతే నా చార్జర్‌కి పెట్టాను" అంది. చూస్తే నా ఫోను గోడకి, తన ఫోను ఖాళీ అయి ఒళ్లో. ఏ దేవుణ్ణి కొలుస్తుందో నేను అడగలేదు. యేసు చెప్పిన కథలో యెరికో దారిలో దొంగల చేతిలో గాయపడ్డవాడు కూడా, తనని ఆదుకున్న పరాయి జాతి సమరయుణ్ణి అడిగి ఉండడు.

అప్పటినుంచీ పడుకునే ముందు ఒక పాత డైరీలో ఆ రోజు ఎవరు నాకు ఏ మేలు చేశారో ఒక్క వాక్యం రాస్తున్నాను. "దేవునికి స్తోత్రం" అని రాసి ఊరుకుంటే కుదరదు. మనిషి, పని, రెండూ ఉండాలి. మొదటివారం నాలుగే దొరికాయి. మేలు చేసేవాళ్లు తక్కువై కాదు, నాకు చూడ్డం రాక. నువ్వూ మొదలుపెట్టు. ఖాళీగా పోయిన రోజున ఖాళీ గీతే గియ్యి, అబద్ధం రాయకు.

నీ చేతనైన చిన్న పని కూడా ఒకరికి చెయ్యి, కానీ హద్దులో. సమరయుడు ఆ రాత్రంతా చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, పూటకూళ్లవాడి చేతిలో పెట్టి తన ప్రయాణం తాను సాగించాడు. తిరిగి వచ్చేటప్పుడు మిగతాది ఇస్తానన్నాడు. మంచితనమంటే మొత్తం నెత్తిన వేసుకోవడం అనుకుని చాలామంది అలిసిపోతారు, నేనూ అలిసిపోయినదాన్నే.

ప్రార్థన అస్సలు రాని రోజుల్లో మానెయ్, ఫర్వాలేదు. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి మరీ దింపితే, యేసు "వారి విశ్వాసము" చూశాడని సువార్తలో మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడు ఏం నమ్మాడో రాయలేదు. ప్రస్తుతానికి ఒక మూల నేను పట్టుకున్నాను. ఇంకో ముగ్గుర్ని చూడాలి, మీ అమ్మకి చెప్పనా?

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఎత్తబుద్ధి కాకపోతే ఎత్తకు, సోమవారం మళ్లీ చేస్తాను.

మీ పెద్దమ్మ