అల్లుడి కొత్త కారుకి మామ సలహాలు

అల్లుడూ,

మారతహళ్లి నుంచి మీ మామ. కొత్త కారులో అడాస్, అదే డ్రైవరుకి సాయం చేసే ఏర్పాటు, ఉందని, దసరాకి అనంతపురం దాకా అదే తోలుకుని పోతుందని అక్క దగ్గర గొప్పలు పోయావట. తోలదు నాయనా. నువ్వు కొన్నది లెవెల్ 2. స్టీరింగూ బ్రేకూ అది కొంచెం సర్దుతుంది, రోడ్డు చూడాల్సింది నువ్వే.

నాదీ అలాంటి బండే. ముప్పై ఏళ్లు బ్రేకు మీద అలవాటైన కాలు, నెల తిరక్కుండానే సోమరిదైపోయింది. ఒక రాత్రి బాగేపల్లి దాటాక, ముందు బండిని బట్టి వేగం తనే సర్దుకునే క్రూయిజ్‌ని 90లో పెట్టి ముందు కారు వెనకే పోతున్నా. ఆ కారు చటుక్కున పక్కకి తప్పుకుంది. ఎదురుగా చెనక్కాయ కట్టె వేసుకున్న ట్రాక్టరు. ఆగిపోయి ఉంది, వెనక లైటు లేదు, టైరు కింద రాయి. నా కారు ఏం చేసిందనుకున్నావు? దారి ఖాళీ అయిందని వేగం పెంచింది! బ్రేకు నేనే తొక్కాను. మీ అత్త ఒళ్లో ఉన్న పులిహోర డబ్బా ఎగిరి డ్యాష్‌బోర్డుకి తగిలింది.

ఇంటికొచ్చి మాన్యువల్ తీస్తే, ఆగి ఉన్న బండిని గుర్తించకపోవచ్చని అందులో రాసే ఉంది. ముందున్న బండ్లని కనిపెట్టే రాడారుకి కదిలే బండి తేలిగ్గా దొరుకుతుంది. కదలనిదాన్ని చాలాసార్లు రోడ్డు పక్క బోర్డుల్లో, వంతెనల్లో కలిపేసి వదిలేస్తుంది. 100లో పోతుంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఫోను వైపు రెండు సెకన్లు చూశావంటే ఎంతయిందో లెక్క నువ్వే వేసుకో, ఇంజినీరువి కదా.

ఇండికేటరు వేయకుండా గుంత తప్పించబోతే, బండిని గీతల మధ్య ఉంచే లేన్ అసిస్టు స్టీరింగుని వెనక్కి గుంజుతుంది. అప్పుడు కంగారుపడకు, గట్టిగా తిప్పితే వదిలేస్తుంది. పాత గీతల మీద కొత్త గీతలు గీసిన చోట, డైవర్షన్ల దగ్గర ఆ లేన్ అసిస్టు ఆపేయ్. సిల్క్ బోర్డు జంక్షన్ రద్దీలో క్రూయిజ్ కూడా వద్దు. నువ్వు వదిలిన సందులోకి ఆటో దూరుతుంది, నీ కారు బ్రేకేస్తుంది, వెనకవాడు నిన్ను తిడతాడు. గుద్దేలా ఉంటే దానంతటదే పడే ఎమర్జెన్సీ బ్రేకు మాత్రం ఎప్పుడూ ఆపకు. అది నిన్ను పూర్తిగా కాపాడకపోయినా దెబ్బ తగ్గిస్తుంది, నాకు దానిమీద గౌరవమే.

ముందు అద్దం మారిస్తే, దాని వెనకున్న కెమెరాని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించు, అంటే దాని చూపు సరిచేయించు. బయటి షాపువాడు అక్కర్లేదంటాడు, వినకు.

ఇక ఆయుధపూజ. చాలా కార్లకి రాడారు ముందు లోగో వెనకో, కింద బంపర్లోనో ఉంటుంది. నీదెక్కడుందో చూసుకో. దానిమీద పసుపు పూసి, బంతిపూల దండ వేలాడదీసి హైవే ఎక్కితే దాని కళ్లకి గంతలు కట్టినట్టే. అద్దం మీద నామాల స్టిక్కరు కూడా కెమెరాకి అడ్డం రాకుండా, కింద మూలన అంటించు. దండ ఊరు చేరాక కట్టుకుందువుగాని, అక్కకి నేను చెప్తాలే.

మీ మామ