వెంటిలేటర్ తీయమనడం చంపడమా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. మెదడులో రక్తస్రావమై 16 రోజులుగా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. కోలుకోరని డాక్టర్లు తేల్చేశారు. ‘మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లమంటున్నారు. ఆయన ముందుగా ఏమీ రాసిపెట్టలేదు. వెంటిలేటర్ తీయమంటే మేమే చంపినట్టు కాదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కాదమ్మా. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం నేరం. నయం కాదని తేలాక యంత్రాన్ని ఆపి, జబ్బును దాని దారిన వదలడం నేరం కాదు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇదే చెప్పింది, 2023 జనవరి 24న పద్ధతిని సులువు చేసింది.

ఆ సంతకం మాత్రం తొందరపడి పెట్టకండి. పెడితే అంబులెన్సులో చేత్తో నొక్కే గాలిసంచితో తీసుకొచ్చి, ఇంటికి చేరాక దాన్నీ తీసేస్తారు. అప్పుడు ఆయాసం ముంచుకొస్తే, దాన్ని తగ్గించే మార్ఫిన్ మందు ఇంట్లో ఉండదు, ఇచ్చే చెయ్యీ ఉండదు. దానికి బదులు, ‘మెడికల్ బోర్డు (యంత్రం ఆపవచ్చో లేదో తేల్చే డాక్టర్ల బృందం) వేయండి’ అని రాతపూర్వకంగా అడగండి.

మొదటి బోర్డులో చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం 5 ఏళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు ఉంటారు. దాని నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించే రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు, మరో ఇద్దరు కొత్త నిపుణులు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. నామినేట్ అయిన డాక్టరు ఉన్నారో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే పని అక్కడే ఆగుతుంది. మీ కుటుంబం సమ్మతి రాసివ్వాలి. మెజిస్ట్రేటుకు ఆస్పత్రి తెలియజేస్తుంది, అది అనుమతి కోసం కాదు. బోర్డు ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకేసారి డాక్టరు ముందు కూర్చోండి. ‘మాకేం కావాలి’ అని కాదు, ‘నాన్నకు మాట వస్తే ఏమనేవారు’ అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

వెంటిలేటర్ తీసేముందు, కండరాలను కదలనివ్వని మందు ఇస్తుంటే అది ఆపి, దాని ప్రభావం పూర్తిగా పోయేదాకా ఆగాలి. లేకపోతే ఆయాసపడుతున్నా పైకి కనబడదు. ఆయాసం తెలియకుండా మార్ఫిన్, మత్తుమందు ముందే ఎక్కించాలి. మానిటర్ అలారాలు ఆపించండి, మంచం పక్కన మీకు చోటు అడగండి.

తులసితీర్థం నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదితో పెదవులు తడపండి చాలు. గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టమనండి. తీశాక నిమిషాలూ పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. అందుకే వంతులు వేసుకుని ఒకరు చేయి పట్టుకుని ఉండండి.