"నో డయల్ టోన్" అంటే మోడెమ్ పోయినట్టు కాదు, ముందు లైన్ చూడండి

మీ సమస్య నాకర్థమైనంత వరకు ఇది: విజయనగరంలో మీ పెంటియం 3, విండోస్ 98 సిస్టమ్ నుంచి శ్రీకాకుళంలో మీ బావగారి పాత కంప్యూటర్‌కి మోడెమ్‌తో (కంప్యూటర్ సమాచారాన్ని ఫోన్ లైన్ మీద వెళ్లే కూతలుగా మార్చే పరికరం) ఫోన్ లైన్ మీదే కలుపుదామంటే "నో డయల్ టోన్", అంటే నంబరు తిప్పే ముందు ఫోన్లో వినిపించే కూత లేదని వస్తోంది, ఎప్పుడైనా కలిసినా మధ్యలో తెగిపోతోంది. దీనికి విండోస్ మళ్లీ ఎక్కించడం ఎందుకండీ బాబూ.

గంటస్తంభం దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసిన రోజుల్లో మోడెమ్ పోయిందని తెచ్చేవాళ్లలో చాలామందికి మోడెమ్ శుభ్రంగానే ఉండేది, తేడా అంతా లైన్లోనే. మోడెమ్‌కి పెట్టిన వైరే తీసి మామూలు ఫోన్‌కి తగిలించి వినండి. గరగరమంటే గోడమీది రోసెట్, అంటే ఫోన్ తీగలు బిగించే చిన్న డబ్బా, మూత విప్పండి. మనవైపు తేమకి స్క్రూల చుట్టూ పచ్చగా చిలుము పట్టేస్తుంది, మాటలైతే ఎలాగోలా వినిపిస్తాయి గానీ మోడెమ్ తట్టుకోలేదు. తీగ కొస కొంచెం కత్తిరించి, కొత్తగా చెక్కి బిగించండి. లైన్లో 48 వోల్టుల దాకా ఉంటుంది, రింగ్ వస్తే ఇంకా ఎక్కువ, తడిచేతులతో ముట్టుకోవద్దు.

మీ చెవికి టోన్ బాగానే వినిపిస్తున్నా, మోడెమ్ మాత్రం టోన్ లేదంటోందా? అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ కలిపి వస్తుంది, మనది 400 చుట్టూ ఉంటుంది, అందుకే అక్కడి సెట్టింగులతో వచ్చిన కొన్ని మోడెమ్‌లు మన టోన్‌ని టోన్ అనుకోవు. కంట్రోల్ ప్యానెల్లో మోడెమ్ ప్రాపర్టీస్, కనెక్షన్ ట్యాబ్‌లో "వెయిట్ ఫర్ డయల్ టోన్" టిక్కు తీసేయండి, లేదా హైపర్‌టెర్మినల్లో (మోడెమ్‌కి నేరుగా ఆదేశాలిచ్చే విండోస్ ప్రోగ్రామ్) ఏటీఎక్స్3 (ATX3, టోన్ కోసం ఆగొద్దని చెప్పే ఆదేశం) అని కొట్టి ఆ తర్వాత డయల్ చేయండి. శ్రీకాకుళం ఎస్టీడీ కోడ్ 08942 మరిచిపోవద్దు.

అప్పటికీ కదలకపోతే కంట్రోల్ ప్యానెల్ మోడెమ్స్‌లోనే డయాగ్నస్టిక్స్ ట్యాబ్‌లో "మోర్ ఇన్ఫో" నొక్కండి. మోడెమ్ జవాబిచ్చి, టోన్ మాత్రం పట్టుకోకపోతే పిడుగు దెబ్బ అని అనుమానించాలి: చిప్ బతికి, లైన్ వైపు భాగం మాడిపోతుంది. వేసవి గాలివానల తర్వాత ఇలాంటివి వరసకట్టి వచ్చేవి. కరెంటు ప్లగ్ పీకేసి ఫోన్ వైరు వదిలేసేవాళ్లు మరి.

మధ్యలో తెగడానికి కారణం ఎక్కువగా లోపలి గదిలో అదే లైన్‌కి తగిలించిన ప్యారలల్ ఫోనే, ఎవరో ఎత్తుతారు, అంతే. కాల్ వెయిటింగ్ ఉంటే అదీ తీయించండి. ప్రాపర్టీస్‌లో "మ్యాగ్జిమమ్ స్పీడ్" తగ్గించినా లాభం లేదు, అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య స్పీడ్, లైన్‌ది కాదు. ఒకవేళ మీ ఫోన్ ఫైబర్ బాక్స్ నుంచి వస్తుంటే ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే మాటని ముక్కలు చేసి పంపే పద్ధతిలో మోడెమ్ కూతలు చెదిరిపోతాయి, రాగి తీగ లైన్ ఉన్న ఇంట్లో ప్రయత్నించడం మేలు.

ఇంకోటి, మోడెమ్ పెట్టె మీద 56కే (సెకనుకి 56 వేల బిట్లు) అని ఉన్నా మీ ఇద్దరి మధ్య 33.6కే దాటదు, ఆ పై స్పీడ్‌కి అవతలి కొస డిజిటల్ అయి ఉండాలి. 1 ఎంబీ ఫైలుకి నాలుగైదు నిమిషాలు పడుతుంది, హైపర్‌టెర్మినల్లో జడ్‌మోడెమ్ (Zmodem) అనే పద్ధతి ఎంచుకుని పంపండి, తెగినా ఆగిన చోటునుంచి కొనసాగించొచ్చు. బావగారిని ముందుగా తన హైపర్‌టెర్మినల్లో ఏటీఎస్0=1 (ATS0=1) కొట్టమనండి, ఫోన్ మోగగానే మోడెమే ఎత్తుతుంది. పనయ్యాక దాన్ని 0 చేయమనండి, లేకపోతే వాళ్లింటికి ఫోన్ చేసిన చుట్టాలందరికీ ఆ కీచుగోలే వినిపిస్తుంది.