వరసగా గెలిపిస్తున్న హోండాని వదిలి బైక్ రేసర్ వాలెంటినో రోసీ యమహాకి ఎందుకు వెళ్లాడు?

ముఖ్యంగా పంతం అండి. 2001 నుంచి 2003 దాకా మూడేళ్లూ హోండా మీద ప్రపంచ టైటిల్ కొట్టేసరికి గొప్పంతా బైక్‌దే, రైడర్‌ది ఏముంది అనే మాటొచ్చింది. యమహా అప్పుడు ఎంత డల్లంటే 1992 తర్వాత పెద్ద క్లాస్‌లో (అన్నిటికన్నా పెద్ద బైకుల విభాగంలో) టైటిలే లేదు, 2003 సీజన్ మొత్తానికి ఒక్కటే పోడియం, అంటే మొదటి మూడు స్థానాల్లోకి రావడం ఒక్కసారే! కానీ ఒంటరిగా వెళ్లలేదు, తన క్రూ చీఫ్ (బైక్‌ని సిద్ధం చేసే మెకానిక్‌ల టీమ్‌కి హెడ్) జెరెమీ బర్గెస్‌ని కూడా లాక్కెళ్లాడు, ఇది చాలామంది మర్చిపోతారు. యమహా వాళ్లు కూడా క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే షాఫ్ట్) మార్చి, సిలిండర్లు సమాన గ్యాప్‌లో కాకుండా ఎగుడుదిగుడుగా ఫైర్ అయ్యేలా చేశారు, దాంతో మలుపు దాటుతూ థ్రాటిల్ తిప్పినప్పుడు వెనక టైర్ గ్రిప్ రైడర్‌కి బాగా తెలిసేది. 2004 మొదటి రేస్, దక్షిణాఫ్రికాలోని వెల్‌కమ్‌లో, హోండా మీదున్న మాక్స్ బియాజీని వెనక్కి నెట్టి గెలిచి, ట్రాక్ పక్కన ఆగి బైక్‌కి ముద్దు పెట్టాడు. ఆ ఏడాది టైటిలూ ఆయనదే. 2011లో డుకాటీకి మారితే మాత్రం రెండేళ్లలో ఒక్క రేసూ గెలవలేదు.