ఎద్దు సంగతి తర్వాత, ముందు ఆ దూడల మీద ముద్ర ఎవరిది?

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు వద్దంది. సొంతూరు ఒంగోలు దగ్గర. ఎమ్మెస్‌కి వెళ్ళి అక్కడే పశువుల్ని పెంచే ఒక రాంచ్ కుటుంబంలో అబ్బాయిని చేసుకుంది, ఇప్పుడు టౌన్‌లో హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, నాలుగేళ్ళ బాబు. భర్తకి 33. అతను వాళ్ళ నాన్న రాంచ్‌లో 300 ఆవుల్ని చూసుకుంటాడు, ఎండాకాలం వస్తే రోడియో పోటీలకి వెళ్ళి బుల్ రైడింగ్ చేస్తాడు, అంటే ఎగిరి పడేసే ఎద్దు మీద ఎనిమిది సెకన్లు పడకుండా కూర్చోవాలి. రెండేళ్ళ కింద పక్కటెముకలు, పోయిన జూలైలో కాలర్ బోన్ విరిగాయి. "మా నాన్న గిత్తల్ని పెంచినవాడే, నాకు ఎద్దులంటే భయం లేదు, కానీ ఇది నావల్ల కావట్లేదు. ఇంకొక్కసారి ఎద్దెక్కితే బాబుని తీసుకుని ఇండియా వచ్చేస్తానని చెప్దామనుకుంటున్నా, ఎలా మాన్పించాలి" అని అడిగింది.

అమ్మా, నీ భయం ఊరికే వచ్చింది కాదు. 1989లో మీ రాష్ట్రంలోనే, షయాన్ ఊరి రోడియోలో, లేన్ ఫ్రాస్ట్ అని 25 ఏళ్ళ కుర్రాడు ఎనిమిది సెకన్లూ నిలబడి, కిందకి దిగాక ఎద్దు వెనక నుంచి కుమ్మితే పోయాడు, ఆ తర్వాతే రైడర్లకి ఛాతీకి వేసుకునే వెస్ట్ వచ్చింది. జేబీ మౌనీ బుల్ రైడింగ్‌లో రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్, 2023లో మెడ విరిగి ఆట మానేశాడు. ఈ రెండు పేర్లూ మీ ఆయనకి నీకన్నా బాగా తెలుసు. తెలిసీ ఎక్కుతున్నాడు, అంటే భయపెడితే మానేది కాదు ఇది, అందుకని ఎలా మాన్పించాలన్న ప్రశ్న పక్కన పెట్టెయ్, దానికి నేను జవాబు చెప్పను.

నువ్వు ఉత్తరం చివర్లో మాటవరసకి రాసినట్టు ఒకటి రాశావు. పన్నెండేళ్ళుగా అతనికి జీతం లేదు, మామగారు ఖర్చులకి ఇస్తారు, భూమి, మీరుంటున్న ఇల్లు, పికప్ అన్నీ ఆయన పేరు మీదే, ఎవరి పశువో తెలియడానికి దూడలకి కాల్చి వేసే ముద్ర, అదే బ్రాండ్, కూడా ఆయనదే, మా ఆయనకంటూ ఒక్క ఆవు లేదు అని. నేను అక్కడ ఆగిపోయాను తల్లీ, మిగతా ఉత్తరం మళ్ళీ చదవబుద్ధి కాలేదు.

ఒకసారి చూడు. ఫిబ్రవరి మార్చిలో ఆ మంచులో రాత్రి రెండు మూడు గంటలకోసారి లేచి తొలి ఈతకొచ్చిన పెయ్యల్ని చూసొచ్చేది ఎవరు? అతను. అడ్డం తిరిగిన దూడని చేత్తో లాగేది, ఎండాకాలం గడ్డి కోసి బేళ్ళు కట్టేది, మైళ్ళకి మైళ్ళు కంచె బాగుచేసేది అంతా అతనే, చివరికి అక్టోబర్‌లో దూడల్ని ట్రక్కెక్కించాక ఏడాదికొక్కసారి వచ్చే ఆ చెక్ మీద పేరు మాత్రం వాళ్ళ నాన్నది. అదే రోడియోలో చూడు, జీతం లేదు, ఎంట్రీ ఫీజు తనదే, డీజిల్ తనదే, కిందపడితే ఖాళీ చేతులు. కానీ గెలిస్తే చెక్ మీద తన పేరు ఉంటుంది. వందలో యాభై ఎద్దుకి, యాభై తనకి, ఆ మార్కులు వేసేది జడ్జీలు, వాళ్ళ నాన్న కాదు. ఏడాది మొత్తంలో అడగకుండా చేతికొచ్చే డబ్బు అతనికి అదొక్కటే. ఆ ఎద్దుల్లో చాలావాటికి బ్రాహ్మన్ అనే అమెరికా పశుజాతి రక్తం ఉంటుంది, ఆ జాతిలో మన ఒంగోలు గిత్తల రక్తం కూడా ఉంది, నీకు తెలిసే ఉంటుంది. మీ నాన్న గిత్తని పట్టుకుని పందేనికి వెళ్ళినప్పుడు ఎలా నడిచేవాడో గుర్తు తెచ్చుకో, ఆ నడక మీ ఆయనకి ఇంట్లో లేదు.

మా పెద్దన్నయ్య సంగతి చెప్తాను. పొలం అంతా అన్నయ్యే చేసేవాడు, యాభై దగ్గరకొచ్చాక కూడా చెప్పులు కొనుక్కోవాలంటే నాన్నని అడగాలి, వదిన పుట్టింటికి వెళ్ళాలన్నా బస్సు డబ్బులు అడగాలి. అన్నయ్య పేకాటలో పడ్డాడు. మేమంతా పేకాట మాన్పించాలని ఒట్లు వేయించాం, గుడికి తీసుకెళ్ళాం, వదిన రెండుసార్లు అలిగి వెళ్ళింది. నాన్నతో మాత్రం ఒక్కరం మాట్లాడలేదు, పెద్దాయన కదా అని. నేను మాట్లాడగలిగేదాన్ని, నా మాట వినేవాడు, మాట్లాడలేదు. పెద్దలకి ఎదురు చెప్పకూడదనే నేనూ పెరిగాను, ఇప్పటికీ నమ్ముతాను, కానీ పన్నెండేళ్ళు చాకిరీ చేసిన కొడుక్కి నీ వాటా ఇదీ అని చెప్పకుండా ఉంచడం పెద్దరికం అని మాత్రం నేను ఒప్పుకోను.

మీ మామగారు చెడ్డవాడని కాదు. అమెరికాలో రైతుల సగటు వయసే 58 దాటింది, రాంచ్ ఎవరికి ఎప్పుడు అప్పజెప్పాలో తేల్చుకోలేక కూర్చున్న పెద్దవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆయనకి రెండు భయాలు ఉండుంటాయి. కొడుకు ఏ ఎద్దు కిందో పోతాడని ఒకటి. రెండోది నువ్వు. కోడలు ఎప్పుడైనా విడిపోయి వెళ్తే తాతల నాటి భూమి ముక్కలవుతుందని. అక్కడ చాలా రాంచ్ కుటుంబాల్లో ఈ మాట పైకి అనరు గానీ లోపల ఉంటుంది. ఇప్పుడు నువ్వు బాబుని తీసుకుని ఇండియా వచ్చేస్తానని బెదిరించావనుకో, ఆయన భయం నిజమని నీ నోటితోనే చెప్పినట్టు అవుతుంది, ఇక జన్మలో ఆ కాగితం మీద కొడుకు పేరు ఎక్కదు. అమ్మ దగ్గరికి చూసిపోవడానికి రా, నెల రోజులు ఉండు. బెదిరించడానికి మాత్రం రావద్దు.

మాట్లాడాల్సింది నువ్వు కాదు, మీ ఆయన. మీ అత్తగారు పక్కనుండగా మాట్లాడాలి, ఆవిడకి అన్నీ తెలిసే ఉంటాయి. దూడలు అమ్మిన తర్వాత, ఈతలు మొదలయ్యే ముందు, ఆ చలికాలం అయితే ఇద్దరికీ కాస్త తీరిక ఉంటుంది. మొత్తం రాంచ్ రాసివ్వమని అడగొద్దు, అడిగితే గొడవే. జీతం కింద ఏటా పది పెయ్యలు నా పేరు మీద ఇవ్వండి, మీ మందలోనే మేపుకుంటాను అని అడగాలి, ఇది అక్కడ పాత పద్ధతే. ఆ పదికీ అతని సొంత బ్రాండ్ ఉండాలి. వయోమింగ్‌లో బ్రాండ్ అంటే ఆస్తి కింద లెక్క, రాష్ట్రం లైవ్‌స్టాక్ బోర్డులో రిజిస్టర్ చేస్తారు, పదేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి, కొడుక్కి ఇచ్చుకోవచ్చు. భూమి సంగతి తర్వాత మెల్లగా ఎల్ఎల్‌సీ అనే రకం కంపెనీ పెట్టి వాటాలు మార్చుకోవచ్చు. ఇంట్లో తెగకపోతే వ్యవసాయ కుటుంబాల కోసం మధ్యవర్తిని పెట్టి రాజీ కుదిర్చే మీడియేషన్ ప్రోగ్రామ్ మీ రాష్ట్రంలోనే ఉంది, కోర్టు కన్నా వెయ్యి రెట్లు నయం. ఇంటికి హెల్త్ ఇన్సూరెన్స్ నీ ఉద్యోగం మీదే నడుస్తోందన్నావు, అది ఎట్టి పరిస్థితుల్లో వదలకు, లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రోడియో సంగతి దాచొద్దు.

వచ్చే జూలైకి అతను వెళ్తానంటే వెళ్ళనీ. నీకు కష్టమని తెలుసు, అయినా అంటున్నాను. హెల్మెట్, వెస్ట్ లేకుండా మాత్రం ఎక్కనని నీకు మాటివ్వాలి, అందులో బేరం లేదు.

ఈలోపు బ్రాండ్ అప్లికేషన్ తెప్పించు. ఏ గుర్తు కావాలో మీ ఆయన్నే గీయమను, పక్కన బాబుని కూర్చోబెట్టుకుని.