రాకెట్ గార్డెన్‌కి వెళ్లబోయే మా అమ్మాయికి

చి.ల.సౌ. లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

బుజ్జిగాణ్ణి తీసుకుని ఫ్లోరిడాలో కెన్నెడీ స్పేస్ సెంటర్ చూడ్డానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల ఆ రాకెట్ల కింద నిలబడుతుందంటే గర్వంగా ఉంది. ఆ ఎండా, పిడుగులూ తలుచుకుంటే టెన్షన్‌గానూ ఉంది.

టికెట్లు ముందే తీసుకో. నీళ్లు, టోపీలు మర్చిపోకు. చంద్రుడి దాకా వెళ్లిన సాటర్న్ 5 రాకెట్ ఉన్న భవనానికి వెళ్లే బస్సులు మూసేవేళకి చాలా ముందే ఆగిపోతాయి, ఆ టైము పొద్దున్నే కనుక్కో. గేటు దాటగానే పాత రాకెట్లను ఆరుబయట పెట్టిన రాకెట్ గార్డెన్ మాత్రం ఎండ ముదరకముందే చూసేయండి. జనం అక్కడ ఒక ఫోటో దిగి ఏసీ హాళ్లలోకి పరిగెత్తుతారు. నువ్వు అలా చేయకు.

సముద్రపు గాలి ఇనుమును ఎలా తినేస్తుందో ఉద్యోగమంతా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. రాకెట్‌ని కొన్ని నిమిషాల పని కోసం కడతారు, ఏళ్ల తరబడి వానలో నిలబడడానికి కాదు. 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్‌ని భూమి చుట్టూ కక్ష్యలోకి మోసిన రకం అట్లాస్ రాకెట్ ట్యాంకు రేకు చాలా చోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. లోపల గాలి ఒత్తిడి లేకపోతే తన బరువుకు తానే నలిగిపోతుంది, బెలూన్ లాగే. అది తెలిసి చూస్తే ఆ మెరిసే గొట్టం వేరేగా కనిపిస్తుంది.

అయినా పెద్దవాళ్లు ఒక తప్పు చేశారమ్మా. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్ 5లు ప్రయోగాలు ఆగిపోయాక మూడే మిగిలాయి. 363 అడుగుల యంత్రం. ఫ్లోరిడాలో ఉన్నదాన్ని 1976లో ఆరుబయట పడుకోబెట్టారు. 1996లో గానీ దానికి కప్పు దొరకలేదు. హ్యూస్టన్‌లో ఉన్నది 1977 నుంచి పాతికేళ్లకు పైగా ఎండావానల్లోనే నానింది. తుప్పు, బూజు, పక్షుల గూళ్లు. చంద్రుడి దాకా వెళ్లేంత తెలివి ఉండి, నెత్తిన ఒక రేకుల షెడ్డు వేయడానికి అన్నేళ్లు పట్టిందంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మళ్లీ అలాంటిది ఎవరు చేసిస్తారు? అందుకే బుజ్జిగాడికి గట్టిగా చెప్పు, ఎక్కొద్దన్న దాన్ని ఎక్కకూడదు, పెయింటు గీకకూడదు. కూర్చోవడానికి నమూనా క్యాప్సూళ్లు అక్కడే ఉన్నాయి, వాటిలో ఎంతసేపైనా కూర్చోనీ.

గార్డెన్‌లో అడ్డంగా పడుకున్న పెద్దది సాటర్న్ 1బి. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో వ్యోమగాములు చిక్కుకుపోతే తీసుకురావడానికని సిద్ధంగా ఉంచింది అదే. అవసరం పడలేదు, ఎగరలేదు. స్కైలాబ్ అంటే మీకు పేరు మాత్రమే. 1979 జులైలో అది కూలుతుందన్నప్పుడు మా ఊళ్లో జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. పోయేలోపు తినేద్దామని మా నానమ్మ పెంచుకున్న కోళ్లన్నీ కోసి వండింది. మీ నాన్న చిన్నవాడు, భయం తెలియక ముక్కల కోసం పేచీ పెట్టాడు. చివరికి అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. ఈ కథ వాడికి ఆ రాకెట్ పక్కనే చెప్పు.

ఉరుము వినపడిందా, ఫోటోలు ఆపి లోపలికి వెళ్లిపోండి. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ ఉరుములు మామూలే. 1969 నవంబరులో చంద్రుడికి బయల్దేరిన అపోలో 12 లేచిన నిమిషంలోపే దాని మీద రెండుసార్లు పిడుగు పడింది. వాళ్లు బతికి బయటపడ్డారు కదా అనకు. పోయినసారి జాతరలో పిల్లాణ్ణి ఎండలో తిప్పి జ్వరం తెప్పించావు, నేనింకా మర్చిపోలేదు. వాడితోపాటు నువ్వూ నీళ్లు తాగమ్మా, నీ సంగతి నువ్వు ఎప్పుడూ చూసుకోవు.

అక్కడ ప్రాణాలు కోల్పోయిన వ్యోమగాముల స్మారక ఫలకం మీద కల్పనా చావ్లా పేరుంటుంది. ఆమె ఉన్న కొలంబియా షటిల్‌కి 2003 ఫిబ్రవరి 1న ఏం జరిగిందో వాడు అడిగితే దాచకుండా చెప్పు.

సాటర్న్ 1బి వెనక్కి వెళ్లి ఎనిమిది ఇంజన్లూ ఒకే ఫోటోలో పడేలా తీసి పంపు. అతుకుల దగ్గర తుప్పు ఉందేమో దగ్గర నుంచి ఇంకోటి తియ్యి.

మీ పెదనాన్న