టోడ్ రెటీనాలో కాల్షియం లేకుండానే గాబా ఎలా బయటికొస్తుంది?

మీరు అడిగింది: "నాడీకణం సంకేత రసాయనాన్ని వదలాలంటే కాల్షియం కావాలని చదివాం. మరి టోడ్ (ఒక రకం కప్ప) కంటిలోని హారిజాంటల్ కణాలు అది లేకుండా గాబా అనే సంకేత రసాయనాన్ని ఎలా వదులుతాయి?" హారిజాంటల్ కణాలంటే రెటీనాలో (కంటి వెనక పొరలో) వెలుగును పట్టే కణాల నుంచి సంకేతం అందుకుని, వాటికే తిరిగి సంకేతం పంపే నాడీకణాలు.

మీరు చదివింది సంచుల పద్ధతి: రసాయనం కణం లోపల చిన్న సంచుల్లో నిండి ఉంటుంది. కాల్షియం లోపలికి రాగానే సంచి కణ పొరతో కలిసిపోయి సరుకు బయట పడుతుంది. ఇక్కడ తలుపు వేరు. కణ పొరలో గాబాను లోపలికి లాక్కునే రవాణా ప్రోటీన్ ఉంది. ఒక్కో గాబా అణువుతో పాటు రెండు సోడియం అయాన్లు, ఒక క్లోరైడ్ అయాన్ లోపలికి వెళ్తాయి. లెక్క చూడండి: రెండు ధన, ఒక రుణ, అంటే ప్రతి విడతకూ ఒక ధనావేశం మిగులుతుంది. కాబట్టి ఈ ప్రోటీన్ ఎటు తిరగాలో కణం వోల్టేజి కూడా నిర్ణయిస్తుంది.

చీకట్లో ఫోటోరిసెప్టర్లు (వెలుగును పట్టే కణాలు) గ్లుటమేట్ అనే మరో సంకేత రసాయనాన్ని ఆపకుండా వదులుతుంటాయి (చాలామంది వెలుగులో అనుకుంటారు, అది తిరకాసు). దాంతో హారిజాంటల్ కణం లోపల మామూలుగా ఉండే రుణ వోల్టేజి తగ్గి, అదే ప్రోటీన్ వెనక్కి తిరిగి గాబాను బయటికి తోస్తుంది. వెలుగు పడితే వోల్టేజి మళ్ళీ రుణం వైపు దిగి, లోపలికి లాక్కోవడం మొదలవుతుంది. బావి గిలక రెండు వైపులా తిరిగినట్టే.

1982లో ష్వార్ట్జ్ అనే శాస్త్రవేత్త టోడ్ రెటీనా నుంచి విడదీసిన హారిజాంటల్ కణాలతో ఈ కాల్షియం రహిత విడుదలను చూపించాడు. అయితే ఈ కణాలు ఫోటోరిసెప్టర్లకు తిరిగి పంపే సంకేతమంతా గాబాదే అనుకోకండి. అందులో ప్రోటాన్ల (హైడ్రోజన్ అయాన్ల) పాత్ర మీద వాదన ఇంకా నడుస్తోంది.